స్కేట్ ఫొటోలో నేల ఎందుకు కనబడాలి: హన్మకొండ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాక నువ్వు జతచేసిన నాలుగు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నువ్వు అడిగినవి మూడు. "పాత కెనాన్ బాడీ, దాంతో వచ్చిన 18-55 లెన్సుతో తీస్తున్నా. దోస్తులు మంచిగా ఎగురుతున్నారు గానీ ఫొటోలో ఆ దమ్ము రావట్లేదు, ఫిష్‌ఐ (చుట్టూ ఉన్నదంతా గుండ్రంగా వంచి చూపే లెన్సు) కొనాలా?" అన్నది మొదటిది. "ఈ ఫొటోలతో తెలుగులో ఒక జీన్ (సొంతంగా వేసుకునే చిన్న పత్రిక) వేద్దామనుకుంటున్నాం, జిరాక్స్ తీసి పిన్ను కొడితే సరిపోతుందా?" అన్నది రెండోది. "ఇన్‌స్టాలో పెడితే అందరూ చూస్తారు కదా, కాగితం మీద ఎవరు చదువుతారు?" అన్నది మూడోది. నేనూ హన్మకొండలోనే ఉంటాను, పెళ్లి ఫొటోలు తీసి బతుకుతాను. 2013 నుంచి స్కేట్ చేసే పిల్లల ఫొటోలు తీస్తున్నాను, ఇప్పటికి ఐదు చిన్న పత్రికలు వేశాను. తెలిసినంత వివరంగా రాస్తాను. పొడుగవుతుంది, ఓపికగా చదువు.

లెన్సు సంగతి కాసేపు పక్కన పెట్టు. నీ మూడో ఫొటో చూద్దాం. ఎర్ర టీషర్టు పిల్లవాడు, కాళ్ల కింద బోర్డు, వెనకంతా నీలి ఆకాశం. నువ్వు నేల మీద పడుకుని పైకి తీశావు, అవునా? వాడు ఎంత ఎత్తు ఎగిరాడో ఆ ఫొటోలో చెప్పడానికి వీల్లేదు. అరడుగు కావచ్చు, మూడడుగులు కావచ్చు. ఎత్తును కొలిచేది నేల. ఆ నేలను నువ్వు ఫ్రేములోంచి తీసేశావు. దమ్ము రావట్లేదని నువ్వన్నది అదే. దమ్ము వాడి కాళ్లలో ఉంది. దాన్ని చూపించే సాక్ష్యం ఫొటోలో లేదు.

స్కేట్ ఫొటోలో మూడు చోట్లు కనబడాలి: ఎక్కడ నుంచి ఎగిరాడు, దేన్ని దాటుతున్నాడు, ఎక్కడ దిగబోతున్నాడు. మెట్లయితే మొత్తం మెట్లు లెక్కపెట్టగలిగేలా ఉండాలి, ఎందుకంటే స్కేటర్లు ఫొటో చూడగానే చేసే మొదటి పని మెట్లు లెక్కపెట్టడమే. ఏడు మెట్ల మీద నుంచి దూకినవాడికి నీ ఫ్రేములో ఐదే కనబడితే వాడి కష్టాన్ని రెండు మెట్లు తగ్గించినట్టే. దిగే చోటు కోసేస్తే ఇంకా అన్యాయం. వాడు పడ్డాడో నిలబడ్డాడో అన్న టెన్షన్ అంతా ఆ చోటులోనే ఉంటుంది.

కాబట్టి ఈసారి పడుకోకు. పది పన్నెండు అడుగుల దూరం వెళ్లు, మోకాళ్ల మీద కూర్చో, లెన్సును 35 దగ్గర పెట్టు, పక్క నుంచి తీయి. ముందు మనిషి లేకుండా ఖాళీ చోటును ఫ్రేము చేసుకో. మెట్లు, గోడ, కింది నేల, అన్నీ సరిపోయాక కెమెరాను కదపకు. మనిషి వచ్చి ఆ ఫ్రేములో ఎగరాలి. పెళ్లిలో తలంబ్రాల ఫొటోకు నేను చేసేదీ ఇదే. పళ్లెం, చేతులు, ఇద్దరి ముఖాలు ఎక్కడుంటాయో ముందే చూసుకుంటాను, బియ్యం తర్వాత పడతాయి.

ఇక ఎప్పుడు నొక్కాలి? నీ కెమెరా లాంటి చిన్న బాడీలు సెకనుకు మూడు ఫొటోలే తీస్తాయి. అంటే రెండు ఫొటోల మధ్య ఖాళీ 0.33 సెకను. ఒక పిల్లవాడు ఓలీ (బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం) కొట్టి అడుగున్నర పైకి లేస్తే, గాల్లో ఉండేది మొత్తం 0.6 సెకను. అందులో అన్నిటికన్నా పైన ఆగినట్టు కనిపించేది 0.2 సెకను మాత్రమే. బటన్ నొక్కి పట్టుకుంటే ఆ 0.2 సెకను రెండు ఫొటోల మధ్య సందులోంచి జారిపోతుంది. నీ ఫొటోల్లో అందరూ లేస్తూనో దిగుతూనో ఉండటానికి కారణం అదే. అలా నొక్కి పట్టి వరసగా తీసే బరస్ట్ వదిలేయి, చెవితో తీయి. ఓలీలో వెనక కాలు బోర్డు వెనక కొనను, అంటే టెయిల్‌ను, నేలకు కొట్టినప్పుడు టక్ అని చప్పుడు వస్తుంది. ఆ టక్ తర్వాత 0.3 సెకనుకు మనిషి పైన ఉంటాడు. చప్పుడు విని వేలు నొక్కడానికి మనకు దాదాపు 0.2 సెకను పడుతుంది, ఇలాంటి కెమెరా అద్దం లేచి షట్టర్ తెరవడానికి ఇంకో 0.1 సెకను. రెండూ కలిస్తే సరిగ్గా పైన దొరుకుతాడు. ఒక సాయంత్రం కూర్చుని ముప్పైసార్లు టక్ విని ఒక్కొక్కటే నొక్కి చూడు. నీ వేలికి అలవాటైపోతుంది.

ఫోకస్ ఆటోలో పెట్టకు. వాడు ఎగిరే చోట ఒక చెప్పు పెట్టి, దాని మీద ఫోకస్ చేసి, లెన్సు మీది మీటను మాన్యువల్‌కు జరుపు. తర్వాత చెప్పు తీసేయి. ఎఫ్/8, షట్టర్ 1/1000, మబ్బుగా ఉంటే ఐఎస్ఓ పెంచుకో. గ్రెయిన్ వస్తుందని భయపడకు, కాగితం మీద అది అందంగానే ఉంటుంది.

ట్రిక్‌ను బట్టి నొక్కే క్షణం మారుతుంది. కిక్‌ఫ్లిప్‌లో బోర్డు గింగిరాలు తిరుగుతున్నప్పుడు తీస్తే విరిగిన కట్టెలా కనబడుతుంది. పాదాలు బోర్డును తిరిగి పట్టుకునే క్షణం కోసం ఆగు. గ్రైండ్ అయితే ట్రక్ (బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే లోహపు భాగం) గట్టు మీద రుద్దుకుంటూ సగం దూరం దాటినప్పుడు తీయి. మొదట్లోనే తీస్తే అప్పుడే ఎక్కాడేమో అనిపిస్తుంది, చివర్లో తీస్తే జారిపడుతున్నాడేమో అనిపిస్తుంది. ఇంకో మాట, ఇది స్కేటర్లందరూ పాటించే మర్యాద: ట్రిక్ వేసి నిలబడితేనే ఆ ఫొటో అచ్చు వేయాలి. ఎంత గొప్ప ఫొటో అయినా వాడు పడిపోయుంటే పక్కన పెట్టేయాలి. మళ్లీ వేయమను, మళ్లీ తీయి. ఇందులో రాజీ పడకు.

ఇప్పుడు ఫిష్‌ఐ. స్కేట్ ఫొటోలకు ఆ గుండ్రటి చూపు అంతగా అతుక్కుపోవడానికి కారణం ఉంది. అది బోర్డుకు అడుగు దూరం నుంచి తీసినా మనిషినీ, నేలనూ, చుట్టూ ఉన్న గోడలనూ ఒకేసారి చూపిస్తుంది. అంత దగ్గర నుంచి తీసిన ఫొటో చూస్తే మనమే అక్కడ కూర్చున్నట్టు ఉంటుంది. కానీ చిన్న గట్టును కూడా కొండలా చూపిస్తుంది, ఆ అబద్ధానికి త్వరగా అలవాటు పడతాం. నా మొదటి రెండేళ్ల ఫొటోలన్నీ అలాంటివే, ఇప్పుడు వాటిలో ఒక్కటి కూడా అచ్చు వేయను. ఆరు నెలలు నీ 18-55తోనే తీయి. నేలను పెట్టడం వచ్చాక సామ్యాంగ్ 8 ఎంఎం లాంటి మాన్యువల్ లెన్సు పాతది దొరికితే చూడు. అప్పటిదాకా ఫోనులోని 0.5 లెన్సు వాడుకో, మనిషి మాత్రం ఫ్రేము మూలకు పోకూడదు, అక్కడ కాళ్లు సాగిపోతాయి. ఇంకో జాగ్రత్త: అడుగు దూరంలో కూర్చున్నప్పుడు బోర్డు తప్పితే నేరుగా నీ ముఖం మీదికే వస్తుంది. ఫిష్‌ఐ ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది, దానికి ఫిల్టర్ బిగించడం కుదరదు. నేను హెల్మెట్ పెట్టుకునే తీస్తాను.

ఫ్లాష్ గురించి నువ్వు అడగలేదు గానీ నేను చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో ఇది అందరికన్నా మనకే సులువు. ప్రతి గల్లీలో ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, ప్రతివాడి దగ్గరా రెండు ఫ్లాషులు, రేడియో ట్రిగ్గర్లు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో అవి బీరువాలో ఉంటాయి. అడిగితే ఇస్తారు.

పెళ్లిళ్లు లేని రోజులు అన్నాను కదా, మన స్కేటర్లకు అవే పండగ రోజులు. ఆషాఢం, మూఢం వచ్చాయంటే ఫంక్షన్ హాళ్లు ఖాళీ. హంటర్ రోడ్డు వైపు చూడు, హాలు కింద పార్కింగ్ అంతా నున్నటి గచ్చు, పైన కప్పు, బయట వాన పడుతున్నా లోపల పొడిగా ఉంటుంది. అలాంటి ఒక హాలు కింద ఒక ఆషాఢమంతా తీశాను. లెక్క ఇది: ఐఎస్ఓ 400, ఎఫ్/8, షట్టర్ 1/200. నీ కెమెరా ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం అదే, దాటితే ఫొటోలో సగం నల్లటి పట్టీ వస్తుంది. ఫ్లాషును మనిషికి మూడు మీటర్ల దూరంలో, 1/8 పవర్‌లో పెట్టు. 35 దగ్గర గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 36 ఉండే మామూలు పెళ్లి ఫ్లాష్ అయితే ఇది సరిపోతుంది. ఫుల్ పవర్ వద్దు. ఫుల్‌లో ఫ్లాష్ వెలుగు సెకనులో దాదాపు వెయ్యో వంతు సాగుతుంది, పవర్ తగ్గించేకొద్దీ ఇంకా పొట్టిదవుతుంది, కదిలే చక్రం కూడా అంత నిక్కచ్చిగా ఆగుతుంది. చుట్టూ చీకటి ఉంటే షట్టర్ 1/200 అయినా పర్వాలేదు, మనిషిని ఆపేది ఫ్లాషే. ఎండలో ఇదే చేస్తే మనిషి అంచు చుట్టూ దెయ్యంలా మసక వస్తుంది.

రెండో ఫ్లాష్ వెనక పక్క నుంచి పెడితే మనిషి అంచుకు తెల్లటి గీత వచ్చి చీకట్లోంచి విడిపోతాడు. కానీ ఏ ఫ్లాషూ వాడు దిగే వైపు నుంచి కళ్లలో పడకూడదు. ముందే ఒకసారి కొట్టి చూపించు, "కళ్లకు కొడుతుందా?" అని అడుగు. ఇది ఫొటో కన్నా ముఖ్యం.

ఇక మన నేల. స్కేట్ ఫొటోలు ఎక్కడివైనా ఒకేలా ఉంటాయని అనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియా కాలిబాటల మీద పుట్టి, ఖాళీ ఈత కొలనుల నున్నటి సిమెంటు మీద పెరిగిన ఆట ఇది. మనకు కంకర తేలిన రోడ్లు, గతుకుల సీసీ రోడ్లు, పక్కన మోరీలు. 99ఏ గట్టి చక్రాలతో మన రోడ్డు మీద పది గజాలు పోతే పళ్లు కదులుతాయి, అందుకే మన పిల్లలు 78ఏ మెత్తటి చక్రాలు వేసుకుని స్పాట్ దాకా వచ్చి అక్కడ మార్చుకుంటారు. చక్రాలు మార్చుకునే ఆ ఐదు నిమిషాల ఫొటో ఎవరూ తీయరు. నువ్వు తీయి.

కానీ మనకున్నది ఇంకొకటి ఉంది. రాయి. కరీంనగర్ గ్రానైట్ విదేశాలకు పోయే రాయి, టాన్ బ్రౌన్ అనే ఆ గోధుమ నలుపు రంగు రాయి క్వారీలు మనకు గంట రెండు గంటల దూరం. షాపుల ముందు మెట్లు, బ్యాంకుల ముందు గద్దెలు, అపార్ట్‌మెంట్ల ప్రహరీలు, ఎక్కడ చూసినా గ్రానైటే. కోత మిషన్ల దగ్గర అంచు విరిగిన పలకలు గుట్టలుగా పడి ఉంటాయి. మావాళ్లు అలాంటి పలక ఒకటి ఆటోలో వేసుకొచ్చి, రెండు సిమెంటు ఇటుకల వరుసల మీద పెట్టి, అంచుకు కొవ్వొత్తి రుద్దారు. అంతకన్నా మంచి గట్టు డబ్బులు పెట్టి కట్టించినా రాదు. ట్రక్ దాని మీద జారినప్పుడు వచ్చే సన్నటి కీచు చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం.

మెరుగు పట్టిన గ్రానైట్‌ను తీయడంలో ఒక చిక్కుంది. అది అద్దం. ఫ్లాష్ ఎదురుగా పెడితే రాయిలో తెల్లటి మచ్చ పడి గట్టు అంచు మాయమవుతుంది. ఫ్లాషును పక్కకు జరిపి, వాన నీళ్లు రెండు చెంబులు చల్లి, పక్కన కూర్చుని చూడు. అదే రాయిలో మనిషి తలకిందులుగా కనబడతాడు. నేను తీసిన ఫొటోల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే: పైన 50-50లో (రెండు ట్రక్కులూ అంచు మీద పెట్టి జారడం) ఉన్న పిల్లవాడు, కింద రాయిలో వాడి నీడ లాంటి బొమ్మ, మధ్యలో కొవ్వొత్తి మైనం గీసిన తెల్ల చార. నీళ్లు పలక పైన, నీ వైపు సగానికే చల్లాలి. ట్రక్ జారే అంచు, దిగే చోటు పొడిగా ఉండాలి.

ఇక్కడ ఒకటి ఖచ్చితంగా చెప్పాలి. నీ రెండో ఫొటో వెనక వరంగల్ కోటలోని తోరణం ఉంది. ఈసారి దూరం నుంచి తీసినట్టుంది కాబట్టి సరే. కానీ కోట రాళ్ల మీద, ఖుష్ మహల్ మెట్ల మీద, వేయిస్తంభాల గుడి అరుగుల మీద, రామప్ప దగ్గర బోర్డు పెట్టనే కూడదు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లింది. అవన్నీ రక్షిత కట్టడాలు, 1958 చట్టం ప్రకారం వాటిని పాడు చేయడం నేరం. నాకు చట్టం కన్నా ముందు వచ్చే మాట వేరే ఉంది. ట్రక్ లోహం ఒక్కసారి రుద్దితే ఆ గీత పోదు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక శిల్పి నునుపు తేల్చిన అంచు మీద మనం గీత గీయడం ఏ ఫొటోకూ తగదు. మనకు గ్రానైట్ షాపులు ఉన్నాయి, ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి, చాలు.

జీన్ సంగతికి వస్తాను. మ్యాగజీన్ అన్న మాట చివరి ముక్కే జీన్. అభిమానులు తమ కోసం తామే వేసుకునే చిన్న పత్రికను 1940ల నుంచి ఫ్యాన్‌జీన్ అనేవాళ్లు, అది కుదించుకుపోయింది. స్కేటింగ్‌తో దీనికి బంధం ఎలా పడిందో తెలిస్తే నీ మూడో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1980 వచ్చేసరికి అమెరికాలో స్కేటింగ్ మోజు పడిపోయింది. పార్కులు మూతపడ్డాయి. స్కేట్‌బోర్డర్ అనే పెద్ద పత్రిక పేరు మార్చుకుని యాక్షన్ నౌ అయింది, 1982కల్లా ఆగిపోయింది. ఆట మాత్రం ఆగలేదు. తమ ఊరి ఫొటోలు వేసేవాళ్లు లేక, ఎక్కడి పిల్లలు అక్కడ జిరాక్స్ మిషన్ దగ్గరికి వెళ్లారు. కత్తెర, గమ్ము, టైప్ మిషన్, పిన్నులు. తమ పత్రిక పోస్టులో పంపి అవతలివాడి పత్రిక తెప్పించుకునేవాళ్లు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన థ్రాషర్ కూడా చవక న్యూస్‌ప్రింట్ మీదే వచ్చేది. అంటే చూసేవాళ్లు లక్షల్లో ఉన్నారని జీన్లు పుట్టలేదు. తమ ఊరిని చూపించేవాళ్లు ఎవరూ లేరని పుట్టాయి.

మన దగ్గర ఇది కొత్తేం కాదు. కాలేజీల్లో గోడ పత్రికలు, లిఖిత పత్రికలు, సైక్లోస్టైల్ కరపత్రాలు మన నాన్నల తరానికి బాగా తెలుసు. 1966లో మొదలైన సృజన సాహిత్య పత్రిక చాలా ఏళ్లు వరంగల్ నుంచే వచ్చింది. సొంతంగా పత్రిక వేసుకోవడం ఈ ఊరి అలవాట్లలో ఒకటి. నువ్వు చేయబోయేది బయట నుంచి తెచ్చుకున్న ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నమ్మకు.

ఇన్‌స్టాలో పెట్టు, వద్దనను. కానీ రీల్ కదలికను చూపిస్తుంది, చూసినవాడు పైకి తోసేస్తాడు. కాగితం మీది ఫొటోను మనిషి చేతిలో పట్టుకుని మెట్లు లెక్కపెడతాడు. పైగా మన స్పాట్లు నిలవవు. నేను తీసిన మొదటి గట్టు మీద ఇప్పుడు మొబైల్ షాపు ఉంది. ఆ గట్టు ఉన్నట్టు చెప్పేది ఇప్పుడు నా రెండో సంచిక పదకొండో పేజీ ఒక్కటే. ఎవరు చదువుతారని అడిగావు కదా, ఆ పేజీలో ఉన్న పిల్లవాడు ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు, పోయిన దసరాకు వచ్చి తన పెళ్లాంకు చూపించడానికి ఒక కాపీ అడిగి తీసుకుపోయాడు.

ఇప్పుడు అచ్చు పని. మొదటి సంచికలో నాకు జరిగింది చెప్తాను, నీకు జరగకూడదని. కంప్యూటర్‌లో మెరిసిపోతున్న ఫొటోలను అలాగే ఒక జిరాక్స్ సెంటర్‌కు తీసుకెళ్లి నలభై కాపీలు ఒకేసారి కొట్టించాను. ఇంటికొచ్చి చూస్తే మా పిల్లవాడి నల్ల ప్యాంటు, కింది గ్రానైట్, బోర్డు మీద అంటించే గరుకు నల్ల గ్రిప్ టేపు, మూడూ కలిసి ఒకటే నల్ల ముద్ద. మోకాళ్ల కింద మనిషే లేడు. వాడు చూసి ఏమీ అనలేదు, "అన్నా, బోర్డు ఏది?" అని మాత్రం అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు మిషన్‌ది కాదు. టోనర్ ముదురు బూడిద రంగులన్నిటినీ నలుపులోకి లాగేస్తుంది, తెర వెనక వెలుగు ఉంటుంది, కాగితం వెనక ఉండదు. అందుకే బ్లాక్ అండ్ వైట్ చేశాక ఫొటో ఎడిటర్‌లోని కర్వ్స్‌లో నీడలను, మధ్య రంగులను బాగా పైకి ఎత్తు, తెర మీద పాలిపోయినట్టు కనబడేదాకా. ఒక్క షీటు మీద అదే ఫొటో మూడు రకాలుగా పెట్టి కొట్టించు, ఎండలో నిలబడి చూసి ఎంచుకో. ఆ తర్వాతే మిగతావి.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపకు, నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు, లేదా పెన్‌డ్రైవ్ తీసుకెళ్లు. ఏ5 పేజీ నిండా ఫొటో రావాలంటే దాదాపు 1748కి 2480 పిక్సెళ్లు కావాలి, నీ కెమెరాకు అది చాలా తేలిక.

తెలుగు అక్షరాల దగ్గర ఇంకో గండం. డీటీపీ అన్నల దగ్గర ఎక్కువగా పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటాయి. నువ్వు ఫోనులో టైపు చేసింది యూనికోడ్. దాన్ని అలాగే అతికిస్తే ఒత్తులు విడిపోతాయి, "స్కేట్" అన్న మాట గుర్తుపట్టలేనట్టు వస్తుంది. అన్నను మళ్లీ టైపు చేయమను, ప్రూఫు నువ్వు అక్షరం అక్షరం చూడు. లేదంటే పేజీ మొత్తం నువ్వే తయారు చేసి పీడీఎఫ్ ఇవ్వు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. మ్యాటర్‌కు మండలి, శీర్షికకు రామభద్ర నేను వాడతాను. ఇన్‌డిజైన్ అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయడం మరచిపోకు, అది లేకపోతే ఒత్తులు అక్కడా విడిపోతాయి.

పేజీలు నాలుగు గుణిజంలోనే ఉండాలి. పదహారుతో మొదలుపెట్టు. నాలుగు ఏ4 కాగితాలు మడిస్తే పదహారు ఏ5 పేజీలు. బయటి కాగితం ఒకవైపు 16, 1 పక్కపక్కన, వెనక 2, 15. ఒకే వైపు పక్కపక్కన పడే రెండు పేజీల నంబర్లు కలిపితే ఎప్పుడూ 17 రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు ఉంది. లోపలి పేజీల్లో 8, 9 మాత్రమే ఒకే కాగితం మీద విడిపోకుండా పక్కపక్కన పడతాయి, కాబట్టి నీ వెడల్పాటి ఫొటో అక్కడ పెట్టు. మనిషిని మాత్రం మడత మీద పెట్టకు, పిన్ను సరిగ్గా వాడి పొట్టలో దిగుతుంది. సెంటర్ పిన్ను మామూలు స్టాప్లర్‌తో రాదు, బైండింగ్ షాపులో పొడుగు చేతి స్టాప్లర్ ఉంటుంది.

యాభై దాటి కాపీలు వేయాలనుకుంటే ఒక రహస్యం. కోచింగ్ సెంటర్లు, స్కూళ్లు క్వశ్చన్ పేపర్లు కొట్టించే రీసో మిషన్ చూశావా? టోక్యో, లండన్ లాంటి చోట్ల జీన్ కళాకారులు పనిగట్టుకుని వెతికేది ఆ మిషన్‌నే. స్టెన్సిల్ లాంటి మాస్టర్ చుట్టిన డ్రమ్ములోంచి సిరా కాగితం మీదికి దిగుతుంది, ఒక్కో రంగుకు ఒక్కో డ్రమ్ము. మాస్టర్ ఖర్చు ఒకసారే, తర్వాత కాపీకి పడేది చాలా తక్కువ. మన దగ్గర నలుపు డ్రమ్మే ఎక్కువ ఉంటుంది, అదే చాలు. మెరిసే ఆర్ట్ పేపర్ మీద ఆ సిరా ఆరదు, వేళ్లకు అంటుతుంది. మెరుపు లేని మ్యాప్‌లితో కాగితం వాడు. పరీక్షలు లేని వారంలో వెళితే ఆపరేటర్ అన్న తీరిగ్గా చేసి పెడతాడు.

ఫొటో కింద మాటలు తెలుగులో రాయి. ట్రిక్ పేర్లు ఓలీ, కిక్‌ఫ్లిప్ అనే ఉండనీ, అవి ఆ ఆట మాటలు. నేలకు మాత్రం మన మాటలున్నాయి కదా: గద్దె, మోరీ, గచ్చు, కల్వర్టు, అరుగు. "మోరీ మీద ఓలీ, వడ్డేపల్లి వైపు, శ్రావణం" అని చూస్తే మనవాడికి ఆ చోటు కళ్లకు కడుతుంది. స్కేటర్ పేరు, ఫొటో తీసినవాడి పేరు రెండూ వేయి. పద్దెనిమిది నిండని పిల్లలైతే అమ్మానాన్నలను అడిగాకే వేయి. దారిన పోయే ఆడవాళ్ల ముఖాలు వెనక పడితే ఆ ఫ్రేము వదిలేయి. కనికరించి లోపలికి రానిచ్చిన వాచ్‌మన్ ఉంటే బిల్డింగ్ పేరు రాయకు, ఆయన ఉద్యోగం పోతుంది. వాడ పేరు చాలు.

చట్టం సంగతి ఒక్క మాట. 2023 పత్రికల చట్టం వార్తలు, వాటి మీద వ్యాఖ్యలు వేస్తూ క్రమం తప్పకుండా వచ్చే పత్రికలకు రిజిస్ట్రేషన్ పెట్టింది. నువ్వు "మాసపత్రిక" అని వేసుకోకు, వీలైనప్పుడు ఒక పుస్తకంలా వేయి. కొట్టించిన చోటు పేరు, ఊరు చివర్లో వేస్తే మర్యాదగా ఉంటుంది.

కాపీలు నలభై చాలు. పది స్కేటర్లకు, ఐదు చాయ్ బండి దగ్గర, కొన్ని బెంగళూరు, హైదరాబాద్ స్కేటర్లకు పోస్టులో, వాళ్లది తిరిగి పంపమని చీటీ రాసి. 1965లో హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని రిక్షా తొక్కే మనిషి చేత ఆవిష్కరింపజేశారు. నేను నా మూడో సంచిక మొదటి కాపీని ఆ ఫంక్షన్ హాలు వాచ్‌మన్ కాకకు ఇచ్చాను. ఆయన తిరగేసి, తన కుర్చీ కనబడిన పేజీ దగ్గర ఆగి, చాలాసేపు చూశాడు.

ఈ వారం నాలుగు తెల్ల కాగితాలు మడిచి, పేజీ నంబర్లు పెన్నుతో వేసి, ఏ పేజీలో ఏ నేల వస్తుందో రాసి ఒక డమ్మీ చేయి. దాని ఫొటో ఇక్కడే పెట్టు, చూస్తాను. పంచాంగంలో మూఢం ఎప్పుడు మొదలవుతుందో చూసుకో, ఆ హాలు ఓనరుతో నేను మాట్లాడతాను. ఫ్లాషులు నా దగ్గరవే తీసుకుపో. గ్రానైట్ పలక మాత్రం మీరు నలుగురూ వచ్చి మోయాలి.